ఆకులు కోసేవి కాదు, కుట్టేవి: బర్డెకిన్ మామిడితోటకు చీమల కాపురం మార్చిన నాలుగు రోజులు

ఈ ప్రయాణం ఒక తిట్టుతో మొదలైంది. సిడ్నీ పక్కన పారమట్టాలో నేను పనిచేసే ఆసుపత్రి ఫార్మసీ బయట మధ్యాహ్నం బెంచీ మీద కూర్చుని, నూజివీడులో ఉన్న మా ఆపాతో, అంటే అక్కతో, ఫోన్లో మాట్లాడుతున్నాను. మా ఇంట్లో మాట ఉర్దూయే అయినా తిట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం అందరం తెలుగులోకి దిగుతాం. తమ్ముడి గురించి "ఎంత చెప్పినా వాడికి చీమ కుట్టినట్టైనా లేదు ఆపా" అని గొంతు పెంచాను. పక్క బెంచీ మీద మందుల సంచి పట్టుకుని కూర్చున్న పెద్దాయన గబుక్కున నావైపు తిరిగారు. "ఏటన్నావమ్మా? సీమ కుట్టిందా? మా అవ్వ మాట ఇది. ఫార్టీ ఇయర్స్ అయింది విని" అన్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను ఫోన్ పెట్టేశాను.

ఆయన పేరు అప్పన్న. పుట్టింది ఫిజీలో. ముత్తాత విశాఖపట్నం వైపు నుంచి చెరకు తోటల్లో కూలికి ఓడెక్కినవాడట. ఎనభై ఏడులో సైన్యం అధికారం లాక్కున్నాక అక్కడ పరిస్థితులు బాగాలేక భార్యాభర్తలు ఆస్ట్రేలియా వచ్చి, క్వీన్స్‌లాండ్‌లో బర్డెకిన్ నది పక్కన, చెరకు పండే చోటే స్థిరపడ్డారు. మూడెకరాల్లో మామిడితోట వేసుకున్నారు. భార్య నరసమ్మ ఆంటీని ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించడానికి ఆ వారం సిడ్నీ వచ్చారు. నాకు ఉర్దూ వచ్చు, ఆయనకు ఫిజీ హిందీ వచ్చు, కాబట్టి ఆ దారిన మాటలు సాఫీగా సాగిపోయేవి. కానీ ఆయన ఒప్పుకోలేదు. తన దగ్గర మిగిలిన యాభై అరవై తెలుగు మాటలూ ఆ రోజే వాడేయాలన్నట్టు మాట్లాడారు. ఫోన్ నంబర్లు మార్చుకున్నాం.

రెండు నెలల తర్వాత, జూలై మొదట్లో ఆయన ఫోన్ చేశారు. లైను గరగరలాడుతోంది. "షమీమ్, తోటకి లీఫ్‌కుట్టా యాంట్స్ కాలనీ తెస్తన్నాను, బుష్‌లోంచి. ఒక్కడినే సెయ్యలేను. నువ్వు వస్తావా?" అన్నారు. లీఫ్‌కటర్ యాంట్స్ అని నాకు వినపడింది. ఆకుల్ని ముక్కలుగా కోసి, గొడుగుల్లా నెత్తిన పెట్టుకుని వరసగా పోయే చీమలు. వీడియోల్లో చూసి నోరు తెరిచినదాన్ని. వెంటనే ఒప్పేసుకున్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఈ బ్లాగులోనే 'ఆకులు కోసే చీమల వేటకు బయల్దేరుతున్నాను' అని రాసి పడేశాను. ఆ రోజు సాయంత్రానికే ఒక పాఠకురాలు, చాలా మర్యాదగా, ఆ చీమలు అమెరికా ఖండాల్లో తప్ప ఎక్కడా ఉండవని, ఆస్ట్రేలియాకు బయటినుంచి తేవడం నేరమని కామెంటు పెట్టారు. తల కొట్టేసినట్టైంది. కానీ అప్పటికే టికెట్లు కొనేశాను, డబ్బు వాపసు రాదు. పెద్దాయనను ఎవరో మోసం చేస్తున్నారేమో, వెళ్ళి ఆపుదాం అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

శుక్రవారం ఉదయం విమానం. సిడ్నీ నుంచి టౌన్స్‌విల్‌కు నేరుగా వెళ్ళేవి ఉన్నాయి, మూడు గంటల లోపే పడుతుంది. నెల ముందు కొంటే తక్కువకు దొరుకుతుంది గానీ, నాకు రానూపోనూ నాలుగు వందల డాలర్ల పైచిలుకు అయింది. అక్కడి నుంచి దక్షిణంగా ఎయిర్ అనే ఊరు దాదాపు గంట దారి. బస్సుల మీద ఆధారపడొద్దు, కారు అద్దెకు తీసుకోండి, రోజుకు ఎనభై వరకూ ఉంటుంది. సిడ్నీలో స్వెట్టర్‌తో బయల్దేరిన మనిషిని, టౌన్స్‌విల్‌లో దిగేసరికి దాన్ని నడుముకు కట్టుకున్నాను. దారి పొడుగునా రెండు వైపులా చెరకే. జూలైలో చెరకు కొట్టే కాలం కనుక రోడ్డును అడ్డంగా దాటే చిన్న పట్టాల మీద చెరకు బళ్ళు వెళ్తుంటాయి. అన్ని చోట్లా గేట్లుండవు, ఎర్ర దీపం వెలిగితే ఆగిపోవాలి. ఎయిర్ దాటాక బర్డెకిన్ నది మీద చాలా పొడవైన ఇనుప వంతెన, దాని అవతల హోమ్ హిల్. పేరులో కొండ ఉంది గానీ ఊళ్ళో నాకు ఎక్కడా కనపడలేదు. అక్కడి మోటెల్లో గది రాత్రికి నూట నలభై.

అప్పన్న అంకుల్ తోట హోమ్ హిల్ నుంచి పావుగంట. కారు దిగగానే ముందు చెట్లు చూశాను. అలవాటు. మా అబ్బా, అంటే నాన్న, నూజివీడు చుట్టుపక్కల మామిడితోటలు గుత్తకు తీసుకునేవారు. చెట్టు చూసి కాపు చెప్పడం ఆయనకు తెలుసు, చెట్టు చూసి దిగులుపడటం మాత్రం నాకు వచ్చింది. అరవై చెట్లకు కొత్తగా పూత వస్తోంది, కానీ ఆకుల మీద జిగురు, దాని మీద నల్లటి మసి. మా అబ్బా భాషలో తేనెమంచు పురుగు. పూతను పీల్చేసి పిందె నిలవనివ్వదు.

"స్ప్రే కొట్టరా అంకుల్?" అన్నాను.

ఆయన ఇంటివైపు చూశారు. నరసమ్మ ఆంటీ వరండాలో కుర్చీలో ఉంది. "కొట్టలేనమ్మా. మందు వాసన తగిల్తే మీ ఆంటీకి బ్రీదింగ్ ఆగిపోతాది. డాక్టర్ సెప్పీసినాడు, నో మోర్ స్ప్రే అని. రెండేళ్ళయింది. రెండేళ్ళూ పండు లేదు."

అప్పుడు అసలు సంగతి చెప్పారు. బ్రిస్బేన్‌లో ఉన్న కూతురికి విసుగెత్తింది. అమ్మ ఆరోగ్యం పాడు చేసే తోట ఎందుకని, చెట్లు పీకించి నేలను పక్క రైతుకు చెరకు కోసం ఇచ్చేయమంది. మట్టి తవ్వే యంత్రాన్ని ఆగస్టు చివరికి మాట్లాడింది కూడా. ఆ లోపు మందు లేకుండా పురుగును ఆపే దారి దొరికితే సరే, లేకపోతే అరవై చెట్లూ వేళ్ళతో లేస్తాయి. ఆ చెట్లలో ప్రతి ఒక్కటీ తామిద్దరూ బకెట్లతో నీళ్ళు పోసి పెంచినవని అంకుల్ అన్నారు. ఆయనకు మిగిలిన దారి ఆ చీమలే.

"ఏ చీమలు?" అన్నాను, ఇప్పుడైనా తేల్చుకోవాలని.

"లీఫ్ కుట్టా సీమలు! ఆకులు ఇలా లాగి, ఇలా కుట్టి, ఇల్లు కట్టుకుంటాయి సూడు" అంటూ రెండు అరచేతుల్ని దగ్గరకు తెచ్చి, సూదీదారంతో కుట్టినట్టు వేలు ఆడించారు.

నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. కటర్ కాదు, కుట్టా. ఆకులు కోసేవి కాదు, కుట్టేవి. వాటిని నాకు కొత్తగా చూపించాల్సిన పని లేదు. మా మామిడితోటల్లో కొమ్మకొమ్మకీ ఆకుల ఉండలు కట్టుకునే ఎర్ర చీమలవే, ఇక్కడ పొట్ట మాత్రం ఆకుపచ్చగా ఉంటుంది. అందుకే ఇక్కడివాళ్ళు గ్రీన్ యాంట్స్ అంటారు. మా అబ్బా వాటికి పరమ శత్రువు. కాయలు కోసేవాళ్ళు చెట్టెక్కడానికి భయపడతారని, కోతకు ముందు పొడి చల్లించి చంపించేవారు. ఆ పొడి డబ్బాలు మోసింది నేనే. ఇప్పుడు వాటినే బతిమాలి తెచ్చుకోవడానికి రెండు వేల కిలోమీటర్లు వచ్చాను. ఈ చీమలు తామున్న చెట్టు మీద తేనెమంచు పురుగునీ కాయను పొడిచే నల్లులనీ బతకనివ్వవని ఇక్కడ కొందరు మామిడి రైతులు వాటిని పనిగట్టుకుని పెంచుతున్నారట.

మధ్యాహ్నం ఆంటీ రొట్టెలు, పప్పు, టమాటాలతో వండిన డబ్బా చేప, పక్కన మామిడికాయ కుచ్లా పెట్టింది. కుచ్లా అంటే ఫిజీవాళ్ళ ఊరగాయ, తురుముతో చేస్తారు. నూజివీడు ఆవకాయ తిన్న నోటికి అది ఆనదని మొదట అనుకున్నాను, మూడోసారి వడ్డించుకున్నాక ఆ మాట పైకి అనలేదు. తింటూ అంకుల్ అడిగారు: "మా అవ్వ బట్టలకీ కుట్టు అనేది, సీమకీ కుట్టు అనేది. నాకు తెలుగు తక్కువ, రెండు మాటలేమో, నేను తప్పు నేర్సుకున్నానేమో అనుకున్నాను. రెండూ ఒకటేనా?"

"ఒకటే మాట అంకుల్. సూది కుడుతుంది, చీమా కుడుతుంది" అన్నాను. ముప్పై ఎనిమిదేళ్ళుగా తెలుగు మాట్లాడుతూ ఈ సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు.

"సీ, నర్సూ! ఐ వాజ్ రైట్" అని ఆయన ఆంటీ వైపు గర్వంగా చూశారు. ఆంటీ ఇంకో రొట్టె వేసింది.

సాయంత్రం చీమలున్న చోటు చూసొచ్చాం. తోటకు ఆరు కిలోమీటర్ల దూరంలో కెవిన్ అనే ఆయన పశువుల మేత భూమి, అందులో ఒక వాగు, వాగు గట్టున అడవి చెట్లూ ఎవరో ఎప్పుడో తిని పారేసిన టెంకల నుంచి మొలిచిన మామిళ్ళూ. ప్రభుత్వ అడవిలోనో నేషనల్ పార్కులోనో చీమను కూడా ముట్టుకోకూడదు, సొంత భూమిలో అయితే యజమాని అనుమతి చాలు. కెవిన్‌కు మేం అడిగింది వింతగా అనిపించింది. "చీమలు కావాలా? ఎన్నైనా పట్టుకుపోండి, నా వీపు మీద తిరిగేవాటినీ కలిపి" అని నవ్వారు. రెండే షరతులు పెట్టారు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, తెరిచి ఉంటే తెరిచి, మూసి ఉంటే మూసి. నీటి అంచుకు మాత్రం వెళ్ళొద్దు, మొసళ్ళుంటాయి. ఈ రెండో మాట అంకుల్ నాకు ఫోన్లో చెప్పలేదు.

శనివారం ఫజర్ నమాజు చేసుకుని తెల్లవారుతుండగానే బయల్దేరాను. జూలై ఉదయాలు అక్కడ చల్లగా ఉంటాయి. చలికి చీమలు మందకొడిగా, చాలామటుకు గూళ్ళలోనే ఉంటాయి కనుక పని ఆ వేళలోనే చేయాలి. మా సరంజామా ఏమిటంటే, కాయలు కోసే చిక్కం కర్రకు కట్టిన కత్తెర, ఆంటీ ఇచ్చిన పాత దిండు గలీబులు అరడజను, ఒక తెల్ల దుప్పటి, పసిపిల్లలకు రాసే పౌడరు రెండు డబ్బాలు. ఈ పౌడరు చీమల కాళ్ళకు పట్టు దొరకనివ్వదు. చేతి తొడుగులకూ బూట్లకూ పూసుకుంటే చాలావరకు జారిపోతాయి. చాలావరకు అంటున్నాను, గమనించండి.

గూడు దగ్గరగా చూస్తే ఎంత భయపడేవాళ్ళకైనా ముచ్చటేస్తుంది. ఒక ఆకు అంచును ఒక వరస చీమలు పట్టుకుంటాయి, అందకపోతే ఒకదాని నడుము ఇంకొకటి పట్టుకుని గొలుసు కట్టి రెండో ఆకును లాక్కొస్తాయి. ఇంకొన్ని తమ పిల్ల పురుగుల్ని నోట కరుచుకుని ఈ అంచు నుంచి ఆ అంచుకు ఆనిస్తుంటే, ఆ పిల్లల నోటి నుంచి తెల్లటి పట్టుదారం వస్తుంది. ఆ దారంతోనే కుట్టు. విస్తళ్ళు కుట్టేవాళ్ళను చూసినదాన్ని గానీ, సూదికి బదులు పసిబిడ్డను పట్టుకుని కుట్టడం ఇదే చూడటం.

కష్టం ఎక్కడంటే, ఒక కాపురానికి ఇలాంటి గూళ్ళు నాలుగైదు చెట్ల మీద పదుల్లో ఉంటాయి, రాణి మాత్రం ఒక్కటే. కిందటేడు అంకుల్ ఒక్కరే వచ్చి ఎనిమిది గూళ్ళు కోసుకెళ్ళారట. చీమలు తోటలో కొత్త గూళ్ళు కుట్టాయి, ఆయన సంబరపడ్డారు, క్రిస్మస్ నాటికి ఒక్కటీ లేదు. రాణి లేకపోతే గుడ్లు లేవు, ఉన్నవి ముసలివై రాలిపోతాయి. అందుకని ఈసారి రాణి దొరికి తీరాలి.

ఆ పట్టుదలలో ఇద్దరం ఒళ్ళు మరిచి కోశాం. రెండున్నర గంటల్లో గట్టు మీద ఈ చివర ఏడు, ఆ చివర పెద్ద మామిడి మీద ఆరు. అన్నీ అవే ఆకుపచ్చ చీమలు, ఒకే వాగు, అంతా ఒకే ఇల్లనుకున్నాం. గలీబులు చాలక రెండు చివరలవీ కలిపి కుక్కాం. కోసేటప్పుడు నా మెడ మీదా మణికట్టు మీదా అవి చేయాల్సింది చేశాయి. కరిచి ఊరుకోవు, కరిచిన చోట పుల్లటి రసం చల్లుతాయి, అదీ మంట. అంకుల్ ఒకదాన్ని వేలితో పట్టి పొట్ట నాకి, "లెమన్! రుచి సూడు" అన్నారు. చీమ హలాలో కాదో ఆ వాగు గట్టున ఎవరినడగను? వద్దన్నాను.

తోటకు చేరి మొదటి గలీబు విప్పేసరికి లోపల యుద్ధం జరుగుతోంది. ఒక్కో చీమను నాలుగు చీమలు నాలుగు కాళ్ళు పట్టి చీలుస్తున్నాయి. రెండో గలీబులోనూ అంతే. అవి రెండు వేరు వేరు కాపురాలు, ఒకదానికొకటి పగవి. తెల్ల దుప్పటి మీద గుమ్మరిస్తే గుప్పిళ్ళ కొద్దీ చచ్చిన చీమలు రాలాయి. ఒక్క రాణీ కనపడలేదు. మా ఇద్దరి తెలివితక్కువతనానికి రెండు ఇళ్ళు కూల్చాం. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అంకుల్ దుప్పటి పక్కన నేల మీద కూర్చుండిపోయారు. "యంత్రం ఆగస్టులో వస్తాది. రానీ" అన్నారు.

వరండాలోంచి ఆంటీ లేచి వచ్చింది, మూతికి కొంగు అడ్డం పెట్టుకుని. పాత మందు వాసన భయంతో రెండేళ్ళుగా ఆమె తోటలోకి అడుగు పెట్టలేదట. ఆమెకు తెలుగు అర్థమవుతుంది గానీ మాట హిందీయే. ఆ హిందీలోనే భర్తను కడిగేసింది. మన రెండు కుటుంబాలనూ ఒక గదిలో పెట్టి తలుపేస్తే మనం మాత్రం కొట్టుకోమా, ముందు ఎవరు ఎవరి మనుషులో కనుక్కోరా అంది. తర్వాత నావైపు తిరిగి, రేపు ఇంకోసారి వెళ్ళండి బేటీ అంది.

రేపు మధ్యాహ్నం రెండింటికి నా విమానం. ఆ మాట నేను అనకముందే ఆమె ముఖం చూసి ఫోను తీశాను. టికెట్ సోమవారం సాయంత్రానికి మార్చుకోవడానికి అదనంగా నూట ముప్పై అయింది. పై అధికారికి సోమవారం సెలవు కావాలని మెసేజ్ పెడుతూ కారణం దగ్గర కాసేపు ఆలోచించి, కుటుంబ వ్యవహారం అని రాశాను.

ఆదివారం పొద్దున కత్తెర ముట్టుకోలేదు. ముందు ఎవరు ఎవరివాళ్ళో కనుక్కున్నాం. పద్ధతి తేలిక. వాగు మలుపు అవతల, మేం కిందటిరోజు చేయి పెట్టని గుబురులో, ఒక చెట్టు నుంచి పుల్ల మీదికి రెండు చీమల్ని ఎక్కించి పక్క చెట్టు మీద వదలాలి. మీసాలు తగిలించుకుని ఎవరి దారిన వాళ్ళు పోతే చుట్టాలు. కాళ్ళు పట్టి లాగితే పగవాళ్ళు. ఒక్కో చెట్టుకూ అలా పెళ్ళిచూపులు చేసి, ఐదు చెట్లు ఒకే కాపురమని తేల్చి, వాటికి ఆంటీ ఎర్ర రిబ్బను ముక్కలు కట్టాం. ఎనిమిదింటికి కోత మొదలుపెట్టి ఒక్కో గూడునూ దుప్పటి మీద కాస్త తెరిచి చూస్తూ, మళ్ళీ గలీబులో పెడుతూ పదకొండు గూళ్ళు దించాం. గుడ్లున్నాయి, పిల్లలున్నాయి, రాణి లేదు.

ఎండ ఎక్కుతోంది, చీమలు చురుకవుతున్నాయి. నేను అంకుల్ యూట్, అదే ఆయన చిన్న ట్రక్కు, వెనక తొట్టిలో నిలబడి పై కొమ్మలు వెతుకుతున్నాను. మెడ, చెవి, కనురెప్ప, ఒకటని కాదు. "అమ్మో, చంపేస్తున్నాయి అంకుల్!" అని అరిచాను.

"ఎక్కడ కుడతన్నాయి?"

"ఒళ్ళంతా!"

"ఒళ్ళు కాదమ్మా! ఎక్కడ నిలబడితే ఎక్కువ కుడతన్నాయి?"

నేను గింజుకోవడం ఆపాను. ఆయన అడిగింది అర్థమైంది. తొట్టిలో ఎడమ మూలకు జరిగితే పైనుంచి ఒకటో రెండో పడుతున్నాయి. కుడి మూలకు వస్తే వానలా రాలుతున్నాయి. అక్కడ పైన నాకు ఏ గూడూ కనపడలేదు. కుడి మూలనే నిలబడి, కళ్ళు చికిలించి చూస్తే, కొమ్మ చివర ఎండ పడే చోట పిడికిలంత ఉండ. నాలుగే ఆకులు, దగ్గర దగ్గరగా తెల్లటి కుట్టు. పెద్ద గూళ్ళు వెతికే తొందరలో దాన్ని నేను మూడుసార్లు దాటిపోయాను. మొత్తం సైన్యమంతా దాని చుట్టూనే ఉంది.

"దొరికింది" అన్నాను. వేలితో పైకి చూపించి మళ్ళీ అన్నాను.

కొమ్మతో సహా దించి, దుప్పటి మీద ఒక ఆకు అంచు మెల్లగా విప్పారు అంకుల్. లోపల చీమల ముద్ద కదిలింది, మధ్యలో నా చిటికెన వేలి కొసంత పొడవున లేత ఆకుపచ్చ రాణి, బరువుగా, కదలకుండా. చుట్టూ ఉన్నవి వెంటనే మీదపడి దాన్ని కప్పేశాయి. మేం చూసింది మూడు క్షణాలు. అంకుల్ ఆకు మూసేసి, దాని మీద అరచెయ్యి అడ్డం పెట్టి, ఎండ తగలకుండా అలాగే కూర్చున్నారు. ఆ చెయ్యి నిండా చీమలు పాకుతున్నా తియ్యలేదు. "అవ్వా" అన్నారు. నాకు కాదు.

తోటలో అన్నిటికంటే గుబురుగా ఉన్న నాలుగు చెట్లను ఎంచుకుని, గలీబులు కొమ్మలకు కట్టి మూతులు విప్పాం. రాణి ఉన్న చిన్న గూడును మధ్య చెట్టుకు, నీడవైపు. చెట్టు నుంచి చెట్టుకు దారిగా తాళ్ళు కట్టాం. మొదటి రోజుల్లో వేట సరిగా సాగదు కనుక చక్కెర నీళ్ళ సీసా మూతలూ కాసిన్ని చేప ముక్కలూ కొమ్మల్లో పెట్టాలి. మొదళ్ళ దగ్గర నల్ల చీమల పుట్టలుంటే ముందే వదిలించుకోవాలి, అంకుల్ ఆ పని వారం ముందే ముగించారు. మూడింటికి అంతా అయ్యాక మా ముగ్గురికీ చేయడానికి ఏమీ మిగల్లేదు. అన్నిటికంటే కష్టం అదే.

సోమవారం పొద్దున ఏడింటికి గది ఖాళీ చేసి తోటకు వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ మధ్య చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చుని ఉన్నారు, చేతుల్లో టీ కప్పులతో. ఆంటీ మూతికి కొంగు లేదు. వేలితో పైకి చూపించింది. మామిడి ఆకులు రెండు ఒకదానివైపు ఒకటి వంగి ఉన్నాయి. వాటి మధ్య పది పన్నెండు చీమల గొలుసు, అంచున సాలెగూడంత పల్చటి తెల్ల దారం. కుట్టు మొదలైంది. పక్క చెట్టు తాడు మీద కూడా రాకపోకలున్నాయి. పూత రెమ్మ మీద ఒక చీమ తేనెమంచు పురుగును కరుచుకుని, ఎదురుగా వస్తున్న ఇంకో చీమను దాటలేక తికమకపడుతోంది. నేను నవ్వితే అంకుల్ నోటి మీద వేలు పెట్టి ఊరుకోమన్నారు, అవి వింటాయన్నట్టు. కూతురికి వీడియో తీసి పంపమంటే తీశాను. విమానాశ్రయానికి బయల్దేరేలోపు జవాబు రాలేదు.

ఇది రాయడానికి నాకు ఇన్ని వారాలు పట్టింది ఆ జవాబు కోసమే. నిన్న ఆగస్టు ఆఖరి ఆదివారం ఆంటీ స్వయంగా ఫోన్ చేసింది. కూతురు బ్రిస్బేన్ నుంచి వచ్చి, చెట్టు చెట్టూ తిరిగి చూసిందట. అరవైలో పదిహేడు చెట్ల మీదికి చీమలు చేరాయి, ఆ పదిహేడు చెట్లకు పిందె నిలిచింది. మిగిలిన నలభై మూడింటి సంగతి వచ్చే ఏడు చూద్దామని, యంత్రం అతనికి రావద్దని చెప్పిందట. అన్నీ హిందీలో చెప్పి, ఆఖర్న మాత్రం ఆంటీ తెలుగులోకి దిగింది. ఆమె నోట తెలుగు వినడం నాకు అదే మొదలు. "షమీమ్, బట్టలు ఆరేస్తన్నాను, సీమ కుట్టింది నన్ను!" అంది, ఏదో బహుమతి గెలిచినట్టు. బట్టల తీగ ఇంటి గోడ దగ్గరుంది, తోటలో ఇంటివైపు ఆఖరి చెట్టు కూడా దాటాక. మందు వాసన లేదు కనుక ఆమె అక్కడ నిలబడగలిగింది, రాణి బతికి ఉంది కనుక చీమ అక్కడిదాకా రాగలిగింది.

ఆ చీమల్ని చంపే పొడి డబ్బాలు మోసిన చేతులివి. మా అబ్బాను నేను తప్పు పట్టను, ఆయనకు కోతకు మనుషులు దొరకాలి, మా చదువులకు కాయ తెగాలి. కానీ ఇన్నాళ్ళూ కుట్టు అన్న మాటలో సగమే నాకు గుర్తుంది, మంట పుట్టించే సగం. రెండో సగాన్ని సముద్రాలు దాటించి, పిల్లలకు అందకుండా పోయిన భాషలో ఎక్కడో మూల దాచి, భద్రంగా నా చేతికి తెచ్చిచ్చింది ఫిజీలో పుట్టిన ఒక పెద్దాయన. దానికి నేనాయనకు ఋణపడి ఉన్నాను.

మీరూ ఇలాంటి పనికి వెళ్ళేట్టయితే చెప్పేది ఒకటే. పొడుగు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు, యజమాని అనుమతి, ఆ ప్రాంతం నుంచి కొమ్మలు కదల్చొచ్చో లేదో ప్రభుత్వ పురుగుల నియంత్రణ వెబ్‌సైట్‌లో చూసుకోవడం ఎలాగూ చేస్తారు. వాటన్నిటికంటే ముందు, తేదీ మార్చుకునే వీలున్న టికెట్ కొనండి. రాణి లేని గూళ్ళు కూడా వారాల తరబడి ఆకులు కుడుతూనే ఉంటాయి, చూసేవాళ్ళకు అంతా బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి రాణిని మీ కళ్ళతో చూసేదాకా ఇంటికి బయల్దేరకండి.